చీటీ వెనక రాత

జూన్ 3

చిట్టితల్లీ,

నువ్వు వెళ్ళి పన్నెండు రోజులైంది. బస్సు దిగి నువ్వు చేసిన ఫోను ఎత్తాను చూడు, అదే ఆఖరు. తర్వాత దాన్ని ఆపేసి బీరువాలో బట్టల కింద పెట్టేశాను. మోగితే చాలు, ఎవరో ఒకరు "ఎలా జరిగిందండీ" అంటారు. ఎలా జరిగిందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నువ్వు చేసినా అంతే. నువ్వక్కడ ఏడుస్తావు, నేనిక్కడ ఏడుస్తాను, మాట ఒక్కటీ తెమలదు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఐదో తరగతి చదువు నాది, నా అక్షరాలు చూసి నవ్వకు. నవ్వినా నవ్వులే, మనింట్లో ఎవరో ఒకరు నవ్వాలి.

సంగతేంటంటే, మీ అన్న బల్ల మీద పదకొండు ఆర్డర్లు ఉండిపోయాయి. కంప్యూటర్లో వాడి స్టాంపులు చూసి ఎక్కడెక్కడి వాళ్ళో ముందే కొనేసుకున్నవి. ఒక్కొక్కళ్ళ స్టాంపులు ఒక్కో మసక కాగితం కవర్లో పెట్టి, దాని మీద చీటీ పెట్టి, క్లిప్పు పెట్టి వరసగా పేర్చుకున్నాడు. పట్టకారు కూడా పక్కనే ఉంది. ఇప్పుడే నీళ్ళు తాగడానికి లేచినట్టుంది ఆ బల్ల. నేను దుమ్ము దులుపుతాను గానీ దేన్నీ కదపను.

వీళ్ళంతా ఎదురు చూస్తుంటారు కదమ్మా. ఆ రోజు మూడు కవర్లు పోస్టు చేసి వచ్చాడు. వాణ్ణి పంపించినదాన్ని నేనే. "పొద్దస్తమానం ఆ కుర్చీలో కూర్చుంటే ఒళ్ళు బిగదీసుకుపోతుంది, దిగి ఎక్కరా" అని తరిమాను. దిగాడు. మూడో అంతస్తు దాకా ఎక్కాడు. రసీదులు చేతిలోనే ఉన్నాయి. ముప్పై మూడేళ్ళవాడికి గుండె ఆగడమేమిటి? ఇంకొక్క అంతస్తు ఎక్కితే ఇల్లు.

ఈ పదకొండూ నేను పంపుతాను. ఎలా పంపాలో రాయి. వాడి కంప్యూటర్ అకౌంటు నువ్వు చూస్తున్నానన్నావు కదా, ఎవరికేం వెళ్ళాలో చెప్పు.

అన్నం తింటున్నావా? కళ్ళద్దాల షాపులో రోజంతా నిలబడతావు, కాళ్ళు జాగ్రత్త.

మీ అమ్మ


జూన్ 9

అమ్మకి,

నీ అక్షరాలు చూసి నవ్వలేదు. షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను పక్కన నిలబడి మూడుసార్లు చదివాను. మిషను మోతలో ఏడిస్తే ఎవరికీ వినపడదు.

అమ్మా, ఆ ఆర్డర్ల గురించి నువ్వు హైరానా పడొద్దు. అందరికీ ఒక మాట రాసి, వాళ్ళ డబ్బు వాళ్ళకి తిరిగిచ్చేసి, అన్నయ్య అకౌంటు మూసేస్తాను. ఇవాళో రేపో ఆ పని చెయ్యాల్సిందే. మనిషి లేకుండా వాడి పేరుతో షాపు నడపడం సబబు కాదు. నువ్వు నా దగ్గరికి వచ్చెయ్. ఒక గదే, కానీ ఇద్దరం సరిపోతాం.

పంపే తీరుతానంటావా, నీ మొండితనం నాకు తెలుసు. అడ్రసులు అన్నయ్య చీటీల మీదే ప్రింటు చేసి ఉంటాయి. స్టాంపుల కవరుకి రెండు వైపులా అట్టముక్క పెట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో చీటీ పెట్టి, అతికించు. చీటీ మాత్రం మర్చిపోకు. చీటీ లేని కవరు వస్తే కొన్నవాళ్ళు కంగారు పడతారు.

ఇంకో పని. బల్ల కింద అట్టపెట్టెలో కట్టలు కట్టిన పాత కాగితాలుంటాయి. వాటిని విప్పకుండా, ఉన్నవి ఉన్నట్టు నాకు పంపెయ్. నువ్వు కూర్చుని అవన్నీ చూస్తూ మనసు పాడు చేసుకోవద్దు. తప్పకుండా పంపు.

మాత్రలు వేసుకుంటున్నావా?

నీ చిట్టి


జూన్ 15

చిట్టితల్లీ,

మూసేస్తానని ఎంత తేలిగ్గా రాశావే. కిటికీ తలుపా మూయడానికి? ఎక్కడెక్కడి వాళ్ళో వాడి పేరు తలుచుకుని కవరు విప్పుతారు. అది కూడా ఆగిపోతే వాడి పేరు పలికేది ఇంక ఎవరు, నేనూ ఈ గోడలూ తప్ప?

మీ ఇద్దరికీ నన్ను ఈ ఇంట్లోంచి కదిలించడమే పని. వాడూ అంతే. పోయిన చలికాలం నుంచి ఒకటే నస. "కింది అంతస్తులో ఇల్లు చూస్తానమ్మా, నీ మోకాళ్ళకి ఈ మెట్లు పనికిరావు" అని. మూడుసార్లు అడిగాడు. "నా మోకాళ్ళు రాయిలా ఉన్నాయి, నీ ఒంట్లోనే బద్ధకం ఉంది" అన్నాను. ఇప్పుడు నువ్వు మొదలుపెట్టావు. నేను రాను. వాడి బల్ల ఇక్కడుంది.

నాలుగు కవర్లు పంపాను, అడ్రసులు చీటీ చూసి అక్షరం అక్షరం దించాను. ఎలా పంపానో విను. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, పట్టకారుతోనే పట్టుకున్నాను. వేలితో ముట్టుకుంటే చెమట అంటుతుందనేవాడు. నాకు చీటీ చదివి వినిపించేవాడు గుర్తుందా? కాగితం ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివేవాడు, నేను కూర తరుగుతుంటే. ఎన్ని స్టాంపులు, ఏ రంగు, ఏ ఏడాది, వెనక జిగురు ఉందా ఊడిందా. ఆ పక్కన లోపం అని ఒక వరస. అంచున ఒక పన్ను విరిగింది, మూల నలిగింది, ఎండకి రంగు వెలిసింది. "అంత వివరంగా తిట్టుకుంటే ఎవడు కొంటాడ్రా నీ సరుకు?" అనేదాన్ని. "లోపం ముందే చెప్తే అది లోపం కాదమ్మా, దాస్తేనే" అనేవాడు. పెళ్ళిచూపులకి వెళ్ళినా అలాగే చెప్పుకున్నాడు వెర్రి నాగన్న, జుట్టు రాలిపోతోందని. అందుకే కుదరలేదు ఒక్కటీ.

ఒక్కో ఆర్డరుకి ఒక్కో చీటీ అన్నావు గానీ, క్లిప్పు తీస్తే రెండేసి ఉన్నాయి. రెండూ ఒకటే ప్రింటు. ఏది పెట్టాలా అని కాసేపు తికమక పడ్డాను. తిప్పి చూస్తే ఒకదాని వెనక తెల్లగా ఉంది, ఇంకోదాని వెనక పెన్సిలుతో వాడి రాత. ఆ గొలుసుకట్టు ఇంగ్లీషు నాకేం అర్థమవుతుంది? కానీ గుర్తొచ్చింది. కొన్నవాళ్ళకి చేత్తో ఒక మాట రాస్తాడు కదా, మీ సేకరణ బాగుండాలి అనో ఏదో. ఆ మాట కోసమే మళ్ళీ మళ్ళీ కొంటారని వాడే చెప్పేవాడు. అందుకని రాత ఉన్న చీటీ కవర్లో పెట్టి, తెల్లది ఇంట్లో ఉంచాను. వాడి చేతిరాత వాళ్ళకి చేరాలి కదా.

పోస్టాఫీసులో కౌంటరమ్మ నన్ను చూసి తూకం రాయి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మీరు వచ్చారేంటండీ" అంది. "వాడు పనిలో ఉన్నాడు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆమెకి తెలుసు, అయినా తల ఊపింది.

ఆ కట్టల పెట్టె సంగతి. దాని మీద నీకెందుకంత ఆత్రం? వాడి వస్తువులు వాడు పోయిన నెలకే మూటకట్టాలా? పంపను.

మీ అమ్మ


జూన్ 20

అమ్మకి,

ఫోను ఆన్ చెయ్యి. నిన్నటి నుంచి పాతికసార్లు చేశాను.

ఈ ఉత్తరం అందగానే పని ఆపు. వెనక రాత ఉన్న చీటీలు ఇంక ఒక్కటి కూడా పంపొద్దు. అవి కొన్నవాళ్ళకి కాదు. అన్నయ్య రెండేసి ప్రింట్లు తీసేది ఒకటి కవర్లోకి, ఒకటి తన దగ్గర ఉంచుకోవడానికి. ఇంట్లో ఉండే దాని వెనక తన పనులు, తన సంగతులు రాసుకునేవాడు. కొన్నవాళ్ళకి రాసే మాట ఆఖర్న, అతికించే ముందు రాసేవాడు. అందుకే అది తెల్లగా ఉంది.

రైలు బొమ్మల స్టాంపులు మాత్రమే కొనే పెద్దాయన ఉన్నాడు కదా, ఆయన అకౌంట్లో మెసేజి పెట్టాడు. "మీ సొంత కాగితం పొరపాటున నాకు వచ్చినట్టుంది, క్షేమమేనా" అని.

మిగిలిన ఏడు చీటీలూ, ఆ పెట్టే, రెండూ నాకు పంపు. ఎవరికీ చూపించకు. నువ్వూ చూడకు. ఎందుకని అడగొద్దు. నీకు కొన్ని తెలియవమ్మా.

చిట్టి


జూన్ 25

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. నాకు కొన్ని తెలియవు, నిజమే. ఇంగ్లీషు తెలియదు, కంప్యూటర్ తెలియదు. నేను చేసిన పనికి నీకు నామోషీగా ఉంటే తిన్నగా ఆ మాటే రాయాల్సింది. చదువురాని తల్లి కొడుకు వ్యాపారం పాడు చేసిందని రాయి, పడతాను. కానీ వాడి పెట్టె, వాడి చీటీలు, వాడి అకౌంటు, అన్నీ నీకే కావాలా? నాకు ఏం మిగులుస్తావు, ఆ కుర్చీయా? ఇన్నేళ్ళు పక్క గదిలో ఉన్నదాన్ని నేను. వాడు దగ్గితే ఏ పక్కకి తిరిగి దగ్గాడో చెప్పగలను. నువ్వు వచ్చిపోయే మనిషివి. ఎవరికీ చూపించొద్దని నాకు ఆజ్ఞలా

ఇక్కడిదాకా నిన్న రాసి ఆపాను. తర్వాత చీటీలు ఏడూ తీసుకుని కింది అంతస్తు టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే పౌరుషం. నువ్వు చూడొద్దన్నావు కాబట్టి.

ఆవిడ పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఎర్ర పెన్ను పక్కన పెట్టి మొదటి చీటీ చదివింది. "ఇందులో మామూలు సంగతులే ఉన్నాయండీ, జిగురు కొనాలి, అట్టలు కొనాలి" అంది. రెండోదీ అంతే. మూడోది చదివి నా వైపు కుర్చీ జరిపింది. "చెప్పండి" అన్నాను. "కూర్చోండి ముందు" అంది. "నిలబడే వింటాను" అన్నాను.

చదివింది. "గురువారం పది గంటలు, గుండె డాక్టరు. రిపోర్టు పెట్టెలో కట్ట కింద పెట్టాలి. అమ్మ అక్కడ చూడదు."

ఇంకోదాంట్లో ఆపరేషను తేదీ. వచ్చే నెల పదకొండు. ఇంకోదాంట్లో, "చిట్టికి మళ్ళీ చెప్పాలి, అమ్మతో అనొద్దని."

టీచరమ్మ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. తాగానో లేదో గుర్తులేదు. పైకి ఎలా ఎక్కానో గుర్తులేదు. మూడో అంతస్తు దగ్గర ఆ మెట్టు మీద నా కాలు పెట్టలేదు, దాటేశాను, అది మాత్రం గుర్తుంది.

నాకు పెద్ద ఉత్తరం వద్దు. అయ్యో అమ్మా అని వద్దు. నీకు తెలుసా తెలియదా? ఒక్క మాట రాయి.


జూన్ 30

అమ్మా,

తెలుసు.

ఒక్క మాటే అడిగావు. కానీ నేనింకా రాస్తాను, చింపేసినా సరే.

పోయిన చలికాలంలో అన్నయ్య ఇక్కడికి స్టాంపుల సంతకి వచ్చాడు గుర్తుందా? అప్పుడు సంతకి కాదు వచ్చింది. ఇక్కడి పెద్దాసుపత్రికి. నేనే వెంట వెళ్ళాను. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, ఆపరేషను చేస్తే మామూలుగా ఉంటాడన్నారు. బయటికి వచ్చి మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని నా చేత ఒట్టేయించుకున్నాడు. "నాన్నని ఆసుపత్రిలో పోగొట్టుకున్నప్పటి నుంచి అమ్మ ఆ వాసన కూడా తట్టుకోలేదు, ఆపరేషనంటే ముందే పోతుంది. ఒక పని చక్కబెట్టుకుని నేనే చెప్తాను" అన్నాడు. ఆ పనేమిటో నాకు చెప్పలేదు. ఆర్డర్లేమో అనుకున్నాను.

నువ్వు ఫోనులో "వీడు కుర్చీ దిగడం లేదే, రోజూ రెండుసార్లు మెట్లెక్కిస్తున్నాను" అని చెప్తుంటే నేను ఊఁ కొట్టాను. అది నేనే కొట్టాను. ఆ ఊఁ నాకు నిద్రలోనూ వినిపిస్తోంది.

పెట్టె అడిగింది రిపోర్టులు నీ కంట పడకూడదని. నువ్వు తరిమావు కాబట్టే పోయాడని నువ్వు అనుకుంటావని. అది నిజం కాదు. డాక్టరు చెప్పాడు, కూర్చున్నా ఆగొచ్చు అని. నాకు నామోషీ నీ మీద కాదు.

చీటీలు వెళ్ళిన నలుగురికీ రాశాను. అన్నయ్య లేడని, ఆ కాగితాలు మా అమ్మకి తిరిగి పంపమని. నీ అడ్రసుకే వస్తాయి. నేను ఇంక దేన్నీ నీకు అడ్డం పెట్టను.

చిట్టి


జూలై 13

అమ్మా,

రాయవా? టీచరమ్మ నంబరు కనుక్కుని ఫోను చేశాను. తిరుగుతోంది, తింటోంది అంది. రెండు మాటలు మాట్లాడి తలుపేసుకుంటున్నావంది. తిట్టడానికైనా రాయి. నీ అక్షరాలు కనపడితే చాలు.

ఇవాళ షాపుకి ఒకావిడ వచ్చింది. దగ్గరివి కనపడడం లేదంటే అద్దాలు పెట్టి చూపించాను. "అమ్మయ్య, నా చేతి గీతలు కనిపిస్తున్నాయి" అని మురిసిపోయింది. నీకూ ఒక జత చేసి వేరే పార్సిల్లో పంపుతున్నాను. పెన్సిలు రాతకి పనికొస్తాయి.

చిట్టి


జూలై 22

చిట్టితల్లీ,

అద్దాలు అందాయి. బాగా కనపడుతోంది. కనపడకుండా ఉంటేనే నయమేమో అనిపించేంత.

రాయకపోతే కోపమనుకున్నావు. కోపమే. ఉంది, ఇంకా ఉంది. కానీ కోపం వల్ల కాదు రాయనిది. ఆ నాలుగు చీటీలు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. వాడి మాటలు అన్నీ విన్నాక నీతో మాట్లాడాలనుకున్నాను.

ఒకటొకటిగా వచ్చాయి. పువ్వుల స్టాంపులు కొన్నావిడ ముందు పంపింది. టీచరమ్మ చదివింది. "అమ్మ మోకాళ్ళ సంగతి ఇంకోసారి అడగాలి. ఈసారి విసుక్కోకుండా."

రెండోది. "పోస్టాఫీసు పక్క సందు. కింది వాటా. రెండు గదులు. కిటికీ ఉత్తరానికి ఉంది, ఎండ పడదు, స్టాంపులకి మంచిది. వంటగది ఇరుకు. అమ్మ గొణుగుతుంది. అయినా ఒప్పించాలి, పదకొండో తేదీ లోపు."

తెలిసిందా తల్లీ, వాడు చక్కబెట్టుకుంటానన్న పని ఏమిటో? వాడు అడిగింది నా మోకాళ్ళ గురించి కాదు. తన గుండె గురించి. నా మోకాళ్ళ మీద పెట్టి అడిగాడు. ఊళ్ళోవాళ్ళందరికీ స్టాంపులో గీత ఉంటే గీత ఉందని రాసినవాడు, తన లోపం తెచ్చి నా ఖాతాలో రాశాడు. నేను నా మోకాళ్ళు రాయని గొప్పలు పోయాను. మూడుసార్లు.

మూడో చీటీ వచ్చిన రోజు వాన. కవరు తడిసింది, లోపల కాగితం తడవలేదు, పంపినాయన రెండు అట్టల మధ్య పెట్టాడు. దాంట్లో మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. టీచరమ్మ చదవడం మొదలుపెట్టి ఆపేసింది. నేను అడిగితే చదివింది.

"17: తాళాలు వెతుక్కో. 34: చెప్పు సరిచేసుకో. 51: కూర్చో. రసీదులు చూసుకుంటున్నానని చెప్పు."

మన మెట్లు అరవై ఎనిమిది. అంతస్తుకి పదిహేడు. నేను పైనుంచి చూస్తుంటాను కాబట్టి ఎక్కడ ఏ వంక పెట్టి ఆగాలో రాసుకున్నాడు నా తండ్రి. నాకు అనుమానం రాకుండా ఆయాసం తీర్చుకోవడానికి.

ఇప్పుడు నేను నీకొకటి చెప్పాలి. నిన్ను ఒక్క మాట రాయమన్నాను, నా మాట నేను దాచుకున్నాను.

వాడు అలా కూర్చోవడం నేను అంతకుముందు రెండుసార్లు చూశాను. కమ్మీ మీదికి వంగి చూశాను. "ఏంట్రా ముసలాడిలా" అన్నాను. రసీదులు ఎత్తి చూపించి నవ్వాడు. రెండోసారి పెదాలు నీలంగా ఉన్నాయి. చూశాను తల్లీ. మీ నాన్నకీ చివర్లో అలాగే ఉండేవి. అడిగితే ఏం చెప్తాడో అని భయమేసింది. అడగలేదు. లోపలికి వెళ్ళి గిన్నెలు తోమాను, చప్పుడు చేస్తూ తోమాను. ఏమీ లేదని నాకు నేను నిరూపించుకోవడానికి మర్నాటి నుంచి ఇంకా ఎక్కువ తరిమాను. ఆరోగ్యంగా ఉన్నవాడినే కదా అలా తరుముతారు?

నువ్వు తెలిసి చెప్పలేదు. నేను చూసి అడగలేదు. వాడు ఇద్దరినీ నమ్మి నవ్వాడు. నిన్ను ఎలా తిట్టను? తిట్టాలని కాగితం తీస్తాను, నీ ఊఁ పక్కనే నా గిన్నెల చప్పుడు వినపడుతుంది.

నాలుగోది రైలు పెద్దాయన పంపాడు. దాని వెనక పెద్దగా ఏం లేదు. "పెద్దాయన నీలం ఇంజను: వెనక పలచబడింది, చెప్పడం మర్చిపోకు." అంతే. అది చదివి ఆయన క్షేమమేనా అని ఎందుకు అడిగాడో నాకు అర్థం కాలేదు. ఆయనే ఒక కాగితం జతచేశాడు. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పెన్నుతో రాసే మనిషి ఈసారి పెన్సిలుతో, గీతలు ఒక పక్కకి జారిపోతూ రాశాడు, చెయ్యి బాగోలేదేమో అనుకున్నానని. చూడని మనిషి. గీత చూసి పట్టుకున్నాడు. ఎదురుగా కూర్చుని అన్నం పెట్టినదాన్ని నేను.

మిగిలిన ఏడు కవర్లూ నిన్న పంపాను. ఈసారి తెల్ల చీటీలే పెట్టాను. పెట్టేముందు వెనక నేను రాశాను, మన అక్షరాలతోనే. కింద టీచరమ్మ ఇంగ్లీషులో రాసింది. "ఈ స్టాంపులు మా అబ్బాయి ఏరి పెట్టినవి. లోపాలు వాడే రాశాడు, నమ్మండి. కవరు అతికించింది వాళ్ళమ్మ. మా అబ్బాయి లేడు." ఏడుసార్లు రాశాను ఆ ఆఖరి మాట. మొదటిసారి రాయడానికి గంట పట్టింది. ఏడోసారికి కూడా చెయ్యి అలవాటు పడలేదు.

కౌంటరమ్మ తూకం వేసి, "పనిలో ఉన్నారా ఇవాళ కూడా?" అంది మెల్లగా, నా కోసం. "లేడమ్మా, పోయాడు" అన్నాను. ఆమె లేచి కౌంటరు పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వరసలో జనం ఉన్నారు. ఎవ్వరూ గొణగలేదు.

అకౌంటు మూసెయ్ తల్లీ. మూసేముందు వాడి పేరు కింద ఆ మాట రాసి కొన్నాళ్ళు ఉంచు.

మీ అమ్మ


ఆగస్టు 17

ప్యాకింగు చీటీ

ఎవరికి: మా చిట్టికి, కళ్ళద్దాల షాపు చిరునామాకి.

ఈ పార్సిల్లో ఉన్నవి:

పట్టకారు, ఒకటి. బాగుంది. లోపం: ఒక కొన మీద నా వేలి జిడ్డు ఉండొచ్చు, తుడిచాను.

భూతద్దం, ఒకటి. పిడి విరిగితే వాడు దారం చుట్టాడు. ఆ దారం మార్చకు.

అట్టపెట్టెలో కట్టలు, రిపోర్టులతో సహా. విప్పాను. అన్నీ చదివించుకున్నాను. మళ్ళీ వాడు కట్టినట్టు కట్టడం రాలేదు, ముడి నాది.

నీ ఉత్తరాల మీది స్టాంపులు, నాలుగు. వాడు చేసినట్టే నీళ్ళలో నానబెట్టి తీశాను. అద్దాల పార్సిలు మీద స్టాంపు లేదు, ముద్రే ఉంది. లోపం: జూన్ 20 ఉత్తరానిది కోపంలో ముందే పీకాను, మూల చిరిగింది. జూన్ 30 ఉత్తరానిది నానబెట్టక ముందే తడిసింది. రంగు కొంచెం పోయింది.

వెనక వాడి రాత ఉన్న చీటీలు, పది. పదకొండోది, మెట్లది, నా దగ్గర ఉంచుకున్నాను. దాచలేదు, ఉంచుకున్నానని చెప్తున్నాను. వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం.

వాడి బల్ల ఇందులో లేదు, పట్టదు. ఉత్తరం కిటికీ కింద వేయించాను. నిజమే, ఎండ పడడం లేదు. వంటగది ఇరుకే, గొణుగుతున్నాను.

ఫోను ఆన్ చేశాను.

పంపినవారు: అమ్మ.

పంపినవారి చిరునామా మారింది, గమనించు: పోస్టాఫీసు పక్క సందు, కింది వాటా. మెట్లు లేవు.